కాంతమ్మ ఇచ్చిన వాటా

తెల్లారకముందే లేవడం కాంతానికి అలవాటు. ముందురోజు ఉప్పేసిన చేపల గంపలు దించి, ఇసక మీద పాత వల పరిచి, కొయ్యింగలు ఓ వరస, జెల్లలు ఓ వరస, తలలన్నీ సముద్రం వైపుండేలా సర్దుతుంది. తలలు ఎటుంటే ఏంటని అడిగినవాళ్ళున్నారు. అలాంటి ప్రశ్నలకి ఆమె జవాబు చెప్పదు. అమలాపురం మార్కెట్లో ఎండుచేప కొనేవాళ్ళు "ఇది కాంతమ్మ చేపేనా" అని అడిగి మరీ తీసుకుంటారు. పంటికింద ఇసక పలుకు తగిలిందని ఇంతవరకూ ఒక్కరూ అన్లేదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలుసని ఎదుటివాళ్ళకి తెలిసేలాగే నడుస్తుంది కూడాను.

ఊరి పేరు సూరప్పపాలెం. అల్లవరం దాటి, కొబ్బరితోటలు దాటి, రొయ్యల చెరువుల గట్లమీద ఆటో ఊగుతూ వెళ్తే, గోదారి పాయ వైనతేయ సముద్రంలో పడే చోటుకి కాస్త ఇవతల, మడచెట్ల పక్కన ఉంటుంది. ఇళ్ళన్నీ పాయ ఒడ్డునే. ప్రతి ఇంటి వెనకా నాలుగు మెట్లతో ఓ చిన్న రేవు.

చేపలు పరవడం సగంలో ఉండగా రేవులోంచి పిలుపొస్తుంది.

"కాంతం."

అది ఆమె మొగుడు అప్పన్న గొంతు. బీడీ పొగకి గీరుకుపోయి, చివర్న కొంచెం పైకి లేచే గొంతు. పిలిచేది మాత్రం నీటికుక్క. ముందుకాళ్ళు మెట్టుమీద ఆనించి, మీసాలనించి నీళ్ళు కారుతుంటే, ఒక్కసారే పిలుస్తుంది. నోట్లో చేపుంటే దాన్ని ముందు మెట్టుమీద పెట్టి, అప్పుడు పిలుస్తుంది. కాంతం మొహం కొబ్బరిచెట్ల వైపు తిప్పేసుకుంటుంది. నీళ్ళు కదిలిన చప్పుడు వినపడి, అది వెళ్ళిపోయిందని రూఢి అయ్యాక, రేవులోకి దిగి ఆ చేపని కాలితో నీళ్ళలోకి తోసేస్తుంది. పదకొండేళ్ళుగా ఇదే వరస.

సరిగ్గా అదే వేళకి పక్క రేవులోంచి "అమ్మా" అని ఓ కుర్రగొంతు వినపడుతుంది. "వచ్చేనయ్యా, వచ్చేను" అంటూ నాగదుర్గ చేప తలకాయలు పట్టుకుని గబగబా మెట్లు దిగుతుంది. ఆ గొంతు ఆవిడ కొడుకు వెంకటసాయిది. అప్పన్నా, ఆ కుర్రాడూ ఒకే నావలో వేటకెళ్ళి, పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర కెరటానికి నావ తిరగబడి పోయేరు. మనుషులు దొరకలేదు. వాళ్ళ నావ వెంట తిరిగే రెండు నీటికుక్కలు మాత్రం తిరిగొచ్చేయి. ఓ తెల్లవారుజామున ఒకటి ఈ రేవులోనూ, ఒకటి ఆ రేవులోనూ పిలిచేయి.

ఆ పాలెంలో ఇది కొత్తేమీ కాదు. నావ ఒడ్డుకొచ్చేక చేపల్ని వాటాలేస్తారు. నావకి ఓ వాటా, వలకి ఓ వాటా, మనుషులకి తలో వాటా. వీటన్నిటికంటే ముందు దోసెడు చేపలు నీళ్ళలో వేస్తారు. అది నీటికుక్కల వాటా. మడవేళ్ళలో దూరిన చేపల్ని వలకేసి తోలిపెట్టేవి అవే మరి. అలా ఏళ్ళ తరబడి ఒక చేతి వాటా తిన్న నీటికుక్క, ఆ చెయ్యి నీళ్ళపాలైతే, ఆ మనిషి గొంతు ఎత్తుకుంటుంది. ఏది ఎవరి గొంతు దాచుకుందో పైకి చూస్తే తెలీదు కాబట్టి ఆ పాయలో నీటికుక్క మీద ఎవరూ కర్రెత్తరు. ఎత్తినవాడి వలని నీళ్ళలో దించనివ్వరు.

అటవీశాఖ తరఫున నీటికుక్కల లెక్కకి వచ్చిన శారోన్ అనే అమ్మాయికి ఈ సంగతులన్నీ నాగదుర్గే చెప్పింది. ఆ పిల్లది రాజోలు. పాయలన్నీ పడవలో తిరిగి చూసొచ్చింది. మిగతా చోట్ల మచ్చుకి ఒకటీ అరా ఉన్నాయట, ఇక్కడ గుంపులు గుంపులుగా ఉన్నాయట, కారణం ఏంటండీ అని అడిగింది. నాగదుర్గ చెప్పినదంతా శ్రద్ధగా రాసుకుని, చివర్న కొంచెం మొహమాటపడుతూ, తన తాత కూడా ఏరు దాటించే పంటుమీంచి గోదాట్లో పడిపోయేడనీ, ఆయన గొంతు కూడా ఎక్కడైనా ఉంటుందా అనీ అడిగింది.

"ఆయన నీటికుక్కలకి వాటా పెట్టేవాడా అమ్మా?"

"తెలీదండి. గుమాస్తా పని చేసేవారు."

"అయితే ఉండదు" అంది నాగదుర్గ, జాలిగానే.

అవతల చేపలు తిరగేస్తున్న కాంతం ఇదంతా వింటూనే ఉంది. ఉండి ఏం ఒరిగింది, అనుకుంది. ఆమెకి ఆ జాతి మీద పగ. పగంటే ఊరికే నాలుగు రోజులు మొహం ముడుచుకునేది కాదు, కూడబెట్టుకున్న పగ. పెద్ద నావ పోతురాజు ఊళ్ళో అందరికంటే పెద్దవాడు. ఆయన ఓసారి రాజీ చేద్దామని వచ్చేడు. ఇన్నేళ్ళుగా పిలుస్తోంది కదా, ఒక్కసారి పలికితే నీ సొమ్మేం పోయిందని మెల్లిగా అన్నాడు. కాంతం కుర్చీ వేసింది, మజ్జిగిచ్చింది, అప్పుడు చెప్పింది.

"ఆ చేత్తో దోసెళ్ళకి దోసెళ్ళు తిన్నాది, బాబయ్యా. చేపల్ని వలకేసి తోలడం వచ్చును కదా. ఒక్క మనిషిని ఒడ్డుకి తోలలేకపోయిందా? మనిషిని అక్కడ వదిలేసి గొంతు పట్టుకొచ్చింది. గొంతుతో నేనేం చేసుకోను?"

పోతురాజు మజ్జిగ తాగేసి వెళ్ళిపోయేడు. ఆ తరవాత ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఎవరి ఇంటి మాట వాళ్ళది అన్నట్టు ఊరుకున్నారు.

ఆ ఏడు ఎండలు ముదురుతున్నప్పుడు ఆదినారాయణ గారు ఆమె ఇంటికొచ్చేరు. పాలేనికి ఉత్తరాన ఉన్న చెరువులన్నీ ఆయనవే. పైనుంచి వచ్చిన రైతు. వరిచేలల్లోకి ఉప్పునీరెక్కి పంట చావడంతో గతిలేక రొయ్యలు వేసిన మనిషేగాని దుర్మార్గుడేం కాదు. మొదటి పంట తెల్లమచ్చ రోగంతో పోయింది. రెండోదాన్ని, పట్టుబడికి వచ్చే వేళకి, నీటికుక్కలు గుంపుగా దిగి ఊడ్చేసేయి. మూడోది కూడా పోతే చెరువులే కాదు, ఉన్న ఇల్లు కూడా వదులుకోవాలిట. పాయకీ చెరువులకీ మధ్య గట్టు పొడుగునా పాలెం వాళ్ళ నేలే ముక్కలు ముక్కలుగా ఉంది. కరెంటు తీగ లాక్కుంటానని ఒక్కో గుమ్మమూ ఎక్కి అడిగితే ఎవరూ ఒప్పుకోలేదు. ఆఖరికి కాంతం గుమ్మంలోకి వచ్చేరు. అప్పన్న పేర ఉన్న మొగలి డొంక పక్క ముక్క ఇప్పుడు ఆమెది.

"చిన్న షాకేనండి కాంతమ్మా. ఒకసారి తగిలిందంటే మరి ఇటు రావు. కౌలంటారా, ఎంతంటే అంతిస్తాను" అన్నారాయన.

"నాకు మీ కౌలేం అక్కర్లేదండి" అంది కాంతం.

ఆయనకి అర్థం కాక నిలబడ్డారు. ఆమె చెప్పులేసుకుని ముందు నడిచింది. పిల్లలు తిరిగే వేళ తీగలో కరెంటు ఉండకూడదంది. సాయంత్రం పెట్టి, తెల్లారి ఎండ రాగానే తీసెయ్యాలంది. మేకలు తగలకుండా ఎంతెత్తున కట్టాలో చేత్తో కొలిచి చూపించింది. మొగలి డొంక దగ్గర గట్టు బురదలో పొద్దున్నే తడితడిగా కనపడే అడుగులున్నాయి. పాయలోంచి ఎక్కి, డొంక చుట్టి, ఆమె రేవు వైపుకి దిగే అడుగులు. ఇదిగో ఇక్కడ, అని వేలు పెట్టి చూపించింది. తీగలో ఎంత కరెంటు పెడతారని మాత్రం అడగలేదు. కొలత అడక్కుండా ఉప్పు కూడా కొనని మనిషి ఆ ఒక్కటీ అడగలేదు.

ఆ సాయంత్రమే తీగ కట్టి కరెంటు పెట్టేరు. మర్నాడు చీకటి విడుతుండగా కాంతం చేపలు పరుస్తోంది. ఆ రోజు చేతులు వరస తప్పేయి. జెల్లల మధ్య కొయ్యింగ పడింది. తీసి సర్దుతుంటే రేవులోంచి ఎప్పటిలాగే పిలుపొచ్చింది.

"కాంతం."

ఆమె చెయ్యి ఆగిపోయింది. తల కొబ్బరిచెట్ల వైపు తిప్పడం కూడా మర్చిపోయింది. మరి ఆ అడుగులు ఎవరివి, అనుకుంది. ఇన్నేళ్ళూ అది వచ్చినప్పుడల్లా మొహం తిప్పుకున్న మనిషికి, అది నీళ్ళలోంచి తిన్నగా వస్తుందో గట్టు దాటి వస్తుందో ఎలా తెలుస్తుంది? పక్క రేవులోంచి ఏమైనా వినపడుతుందేమోనని చెవులొగ్గింది. నాగదుర్గ అప్పటికే చేప తలకాయలు పట్టుకుని మెట్లమీద నిలబడి ఉంది. కాకులు లేచేయి. ఎండ వచ్చింది. నాగదుర్గ ఇంకా అక్కడే నిలబడి ఉంది.

మొగలి డొంక దగ్గర తీగకి ఆనుకుని పడున్నదాన్ని పోతురాజు తీసేడు. ఆడది. పక్కన డొంకలో దాని పిల్లలు రెండు, చేపలు తినే ఈడువి, కిచకిచమంటూ మనుషుల్ని చూసి నీళ్ళలోకి జారిపోయేయి. పాలెం అంతా గట్టుమీదికి వచ్చింది. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. నాగదుర్గ తన చీర ఒకటి తెచ్చి కప్పింది. కబురందుకుని మధ్యాహ్నానికి శారోన్ వచ్చింది. ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అయినా పని పనే కాబట్టి, తీగ ఎవరిదని అడిగింది. ఆదినారాయణ గారు తనదేనన్నారు. నేల ఎవరిదని అడిగింది. ఆ పాలెంలో ఎవరూ ఎవర్నీ చూపించరు.

"నాదేనమ్మా" అంది కాంతం. "తీగ ఇక్కడ కట్టమని చెప్పింది కూడా నేనే."

నాగదుర్గ తలెత్తి చూసింది. తరవాత ఆమె అన్న మాట గట్టుమీద ఉన్న అందరికీ వినపడింది, అంత మెల్లిగా అన్నా.

"నీకు వద్దంటే వద్దు, వొదినా. నాకు కావాలని తెలుసును కదా."

కుళాయి దగ్గరా, మార్కెట్టులో, పంచాయితీలో మాటకి మాట అప్పచెప్పే కాంతం ఆ వేళ ఇంటికెళ్ళి తలుపేసుకుంది.

కేసు సంగతి ఆఫీసువాళ్ళు చూసుకున్నారు. పాలెం వాళ్ళ సంగతి పాలెం వాళ్ళు చూసుకోవాలి. కర్రెత్తినవాడి వల దించనివ్వకూడదు సరే, కాంతం నీళ్ళలో వల దించే మనిషే కాదు. ఆమెని ఏం చెయ్యాలో పోతురాజుకి తోచలేదు. అందుకని ఆమే చెప్పింది. నావలు ఒడ్డుకొచ్చే వేళకి ఇసకలో నిలబడి, ఇవాళ్టినించీ తనకి చేప అమ్మొద్దని అందరి ముందూ చెప్పి వెళ్ళిపోయింది. పరిచే వల మడత పెట్టేసింది. అమలాపురంలో కాంతమ్మ చేప లేదేమని అడిగేరట. ఏమో అన్నారట.

తరవాత ఆమె ఆదినారాయణ గారి చెరువు దగ్గరికెళ్ళింది. ఆయన నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్ల పక్కన మంచమ్మీద కూచుని ఉన్నారు. ఆమెని చూసి లేచేరు.

"నాకెవరూ చెప్పలేదు కాంతమ్మా, అది ఆవిడ అబ్బాయి గొంతని. తెలిస్తే తీగ తెచ్చేవాణ్ణి కాదండి."

"మీకు చెప్పవలసినదాన్ని నేనేనండి. నేనే చెప్పలేదు. తీగ తీయించెయ్యండి."

"తీయించేసేను. మరి పంట? అవి ఊరుకుంటాయా?"

"వల కంచె కట్టుకోండి. పాచిపట్టని నైలాను వలలు నా దగ్గరున్నాయి."

అవి అప్పన్న వలలు. ఆయన పోయాక ఎందరు అడిగినా ఇవ్వకుండా అటకమీద పెట్టింది. అవన్నీ తనే దింపి, మోసుకొచ్చి, గట్టు పొడుగునా పాతించింది. అడుగు అంచు మూరెడు లోతున బురదలో దిగాలనీ, లేకపోతే కిందనించి దూరతాయనీ చెప్పి, పనివాళ్ళు జానెడు తవ్వి సరిపెట్టిన చోటల్లా మళ్ళీ పెకిలించి పాతించింది. ముళ్ళు వదులుగా వేస్తే విప్పించింది. ఈవిడ మనల్ని కూడా ఎండబెట్టేస్తాది అని పనివాళ్ళు గొణుక్కున్నారు. మూడోనాడు పోతురాజు వచ్చి అటు కొస పట్టుకున్నాడు.

కంచె పూర్తయింది. ఆదినారాయణ గారి పంట గట్టునపడేలాగే ఉంది. అయినా తెల్లారగట్ల పక్క రేవులో చప్పుడు లేదు. నాగదుర్గ రోజూ ఆ వేళకి లేస్తూనే ఉంది. మెట్లమీద కూచుంటోంది. ఎండొచ్చాక లేచి లోపలికెళ్తోంది. ఓ రోజు శారోన్ వచ్చి పక్కన కూచుంటే, తమ్ముడి దగ్గరికి యానాం వెళ్ళిపోతున్నానని చెప్పింది. ఇల్లు పోతురాజుకి అప్పచెప్పేస్తానంది. ఇన్నేళ్ళూ ఆ పిలుపు కోసమే ఇక్కడున్నాననీ, ఇక్కడింక తనని పిలిచేదెవరనీ అంది. ఆటోకి ఎల్లుండి పొద్దున్న రమ్మని చెప్పింది. గోడకవతల కాంతం విన్నది.

కాంతానికి పిల్లల్లేరు. ఈ లోకంలో ఆమెని ఒంటి పేరు పెట్టి కాంతం అని పిలిచేది రేవులోంచి వచ్చే ఆ గొంతొక్కటే మిగిలింది. మిగతావాళ్ళకి ఆమె కాంతమ్మ, వొదిన, పెద్దమ్మ. ఆ రోజంతా ఆమె పొయ్యి ముట్టించలేదు. వాకిట్లో కూచుని, ఎంత తీసుకుంటే ఎంత ఇవ్వాలో లెక్క చూసుకుంది. ఎలా చూసినా లెక్క ఒకలాగే తేలింది.

మర్నాడు పిలుపు రాకముందే రేవులోకి దిగి ఆఖరి మెట్టుమీద కూచుంది. అది వచ్చింది. నోట్లో చేపని మెట్టుమీద పెట్టి, ముందుకాళ్ళు ఆనించింది. ఆమె దాన్ని తిన్నగా చూడటం ఇదే మొదలు. మూతి చుట్టూ తెల్లబడిపోయింది. బతికుంటే అప్పన్న మీసం కూడా ఈపాటికి అలాగే ఉండును. దాని వెనకాల నీళ్ళలో చిన్న తలలు రెండు ఆడుతున్నాయి. డొంకలో పిల్లలవి. వాటిని ఇదే తిప్పుకుంటోందన్నమాట.

"కాంతం" అంది అది.

"ఇదుగో, నీకే చెప్పేది" అంది కాంతం. "నా మనిషిని తేలేదని నీమీద నాకున్న కోపం అలాగే ఉంది. అది తీరేది కాదు. నేను చచ్చిందాకా ఉంటాది. ఆ సంగతి వేరు. ఈ పిలుపు నా వాటా. అవునా? నా వాటా నా ఇష్టం, ఎవరికి కావాలంటే వాళ్ళకిస్తాను. రేపట్నించీ నా రేవుకి రావద్దు. పక్క రేవుకెళ్ళు. నాగదుర్గని పిలు. అమ్మా అని పిలు. నన్ను పిలవకు."

నీటికుక్క కదల్లేదు. ఆమె మొహంలోకి చూస్తూ, ఎన్నడూ రెండోసారి పిలవనిది, మళ్ళీ "కాంతం" అంది.

"నన్ను కాదని చెప్పేనా" అంది కాంతం, కసిరినట్టు. మెట్టుమీద అది పెట్టిన పండుగప్ప చేపని ఈసారి కాలితో తొయ్యలేదు. రెండు చేతులతోటీ తీసి, వెనకనున్న పిల్లలకేసి నీళ్ళలో వేసి, లేచి లోపలికెళ్ళిపోయింది.

ఆటో చెప్పిన వేళకే వచ్చింది. గట్టుమీద ఇంజను ఆపకుండా హారన్ కొట్టేడు. నాగదుర్గ ట్రంకుపెట్టె వాకిట్లో పెట్టింది, తలుపుకి తాళం వేసింది, కొసకి ఒక్కసారి రేవు చూసొద్దామని ఇంటి వెనక్కి వెళ్ళింది. కాంతం తన రేవులో నిలబడి ఉంది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

నీళ్ళు కదిలేయి. మడచెట్ల నీడలోంచి ఓ గీత బయల్దేరి, వెనక రెండు చిన్న గీతల్ని లాక్కుంటూ, తిన్నగా కాంతం రేవు వైపే వచ్చింది. మెట్ల దాకా వచ్చి ఆగింది. కాంతం చీర కొంగు గుప్పెట్లో బిగించి పట్టుకుంది. ఆ గీత మెల్లిగా పక్కకి తిరిగింది. నాగదుర్గ మెట్లమీద ముందుకాళ్ళు ఆనేయి.

"అమ్మా."

అది కుర్రగొంతు కాదు. బీడీ పొగకి గీరుకుపోయిన ముసలిగొంతు. తన కొడుకుని వెంటేసుకుని వెళ్ళినవాడి గొంతు. నాగదుర్గ పోల్చుకుంది. ఆయన ఉన్నప్పుడూ అంతే కదా, అన్నవరస కాబట్టి, కనపడినప్పుడల్లా "అమ్మా, బాగున్నావా" అనే పలకరించేవాడు. గట్టుమీద హారన్ మళ్ళీ మోగింది. పిల్లలు రెండూ పై మెట్టు ఎక్కాలని చూసి, జారి, నీళ్ళలో పడ్డాయి. అవింకా ఎవర్నీ పిలవడం రాని కూనలు.

"అమ్మా" అంది ఆ గొంతు మళ్ళీ.

"వచ్చేనన్నయ్యా" అంది నాగదుర్గ. అని, చేతిలో చేప లేదని గుర్తొచ్చి, తాళం తియ్యడానికి ఇంటివైపు పరిగెత్తింది. వాకిట్లో ట్రంకుపెట్టె కాలికి తగిలితే పక్కకి నెట్టేసింది. కాసేపు చూసి ఆటో వెళ్ళిపోయింది.

ఇవతల రేవులో కాంతం మొహం తిప్పుకోలేదు. పాయకేసి చూస్తూ నిలబడింది. అప్పన్న గొంతు పక్క రేవులోంచి ఇంకోసారి వినపడింది. పిలిచింది తనని కాదు. అయినా ఆమె, ఎవరికీ వినపడకుండా, "ఆయ్" అని పలికింది.